‘ఇంపెడిమెంటు’ అను మాటయు, చీరాల దేశత్యాగమును



కచేరీ కాగితములు చదువుకొను గ్రామస్థులకు ఇంగ్లీషు మాట యొకటి అప్పుడప్పుడు ఎదురగుచుండును. అది ‘ఇంపెడిమెంటు’. నీటి పారుదలకు అడ్డముగా గట్టు వేసినను ఇంపెడిమెంటే. వివాహమునకు చట్టరీత్యా కలుగు అభ్యంతరమును ఇంపెడిమెంటే. మాట సాగనీయని నత్తియు ఇంపెడిమెంటే. మొన్న మాయూరి రైతొకరు అట్టి కాగితము నాచేత చదివించుకొని, “అడ్డంకి యనిన చాలదా? ఇంత పొడుగు మాట యేల?” అని యడిగిరి. చాలునని చెప్పి పంపితిని. పిమ్మట ఆలోచింపగా, నేను తొందరపడి చెప్పితినని తోచినది.

ఈ మాట ఇంగ్లీషునకు లాటిను భాషనుండి వచ్చినది. లాటినులో ‘పెస్’ అనగా పాదము. అది మన ‘పాద’ శబ్దమునకు దూరపు చుట్టమే. కాలికి బంధము తగిలించుటను ఆ భాషలో ‘ఇంపెడిరే’ అందురు. కనుక ఇంపెడిమెంటనగా దారిలో పడియున్న బండ కాదు. కాలికి చుట్టుకొన్న త్రాడు. దొంగమేతకు పోవు గొడ్డునకు మనము మెడలో గుదికొయ్య కట్టుదుము. దానికి ఎదుట గోడ యేమియు లేదు. చేను కన్నులకు కనబడుచునే యున్నది. అయినను పోజాలదు. ఈ మాటలోని భావ మదియే. మన భాషలో దీనికి సరియైన మాట ‘ప్రతిబంధకము’.

ఇంకొక విశేషము కలదు. రోమనులు తమ సేనవెంట నడచు సామానునకు ఇదే మాటను బహువచనమున ‘ఇంపెడిమెంటా’ యని వాడిరి. గుడారములు, ధాన్యము, పాత్రలు, వానిని మోయు పశువులు, అన్నియు నందులో చేరును. అవి లేనిదే సేన బ్రతుకదు. అవి యుండుటచేత సేన వడిగా నడువలేదు. బ్రతికించునదే బంధించునది! ఆ కాలిబంధమును విప్పుటకు లాటినులో ‘ఎక్స్‌పెడిరే’ అని పేరు. దానినుండియే యాత్రకును దండయాత్రకును ఇంగ్లీషులో చెల్లు ‘ఎక్స్‌పెడిషను’ అను మాట పుట్టినది. ఆటంకమును, ప్రయాణమును ఒకే పాదమునుండి పుట్టిన రెండు మాటలు.

ఈ రెండు మాటల యర్థమును పుస్తకములో కంటె స్పష్టముగా మన సీమలోనే చూడవచ్చును. చీరాల నాడు గుంటూరు జిల్లాలోనిది. 1970 తరువాత ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను చేరినది. అచ్చటి ప్రజలలో పెక్కురు నేతగాండ్రు, రైతులు, చిల్లర వర్తకులు. 1919లో ప్రభుత్వము చీరాల పేరాలలను కలిపి పురపాలక సంఘముగా చేసెను. అంతకుముందు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 రూపాయల వరకు పెరిగెను. మాకీ మునిసిపాలిటీ వలదని ప్రజలు మొఱపెట్టుకొనిరి, మొఱ ఫలింపలేదు. పన్ను చెల్లించుట మానిరి. కొందరు చెఱకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

వారికి నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఎడింబరోలో చదివి ఎం.ఏ. పట్టము పొందినవారు, శ్రీరామదండు అను స్వచ్ఛందసేనను నిలిపినవారు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చినపుడు ప్రజలు కర్తవ్య మడిగిరి. శాంతముగా పన్ను నిరాకరించుట యొక త్రోవ, ఊరు విడిచిపోవుట మఱియొక త్రోవ యని ఆయన చెప్పెను. ప్రజలు రెండవ త్రోవ పట్టిరి.

ఇక్కడ మన మాటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పన్ను కట్టనివానిని సర్కారు దేనిచేత పట్టుకొనును? ఇంటిచేత, ఇంటిలోని బిందెచేత, చెంబుచేత. కాలికి చుట్టుకొన్న త్రాడు ఆ సంసారమే. చీరాలవారు ఆ సంసారమును నెత్తిన పెట్టుకొని పురపాలక సంఘపు పొలిమేర దాటిరి. పదునైదు వేల చిల్లర జనములో సుమారు 13,000 మంది వెడలిరి. పొలిమేర కావల పాకలు వేసికొని దానికి రామనగరమని పేరు పెట్టుకొనిరి. అచ్చట తమ పంచాయతి యేర్పరచుకొని తగవులు తామే తీర్చుకొనిరి. ఇంపెడిమెంటా ఎక్స్‌పెడిషను ఆయెను!

అయితే మోసికొని పోవుటకు వీలుకాని వస్తువులును ఉండును. నేతగాని మగ్గమును విప్పి మోయవచ్చును. కాళ్లుంచి తొక్కు గుంటను మోయవచ్చునా? ఎక్కడికి పోయినను మరల త్రవ్వుకొనవలసినదే. వేసవి యెండలో తాటాకు పాక, ఆపైన వానలు, చేత చిక్కని కూలి. గోపాలకృష్ణయ్యగారిపై ఉపన్యాస నిషేధము వచ్చెను; ఆయనను బరంపురములో నిర్బంధించి ఒక యేడు చెఱకు పంపిరి. నాయకుడు తిరుచిరాపల్లి చెఱసాలలో నుండగా, పదునొకండు నెలల పిమ్మట జనులు ఇండ్లకు మరలిరి. మునిసిపాలిటీ నిలిచెను. గోపాలకృష్ణయ్యగారు 1928లో, నలువది యేండ్లైన నిండకమునుపే, క్షయవ్యాధిచే కన్నుమూసిరి.

ఆ సమయముననే పెదనందిపాడు ఫిర్కాలో మఱియొక పోరు నడచినది. అచ్చటివారు నల్లరేగడి రైతులు. చేను మూటగట్టుకొని పోవుటకు వీలులేదు గదా! కనుక వారు కదలక నిలిచిరి. 1922 ఆరంభమున పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున శిస్తు నిరాకరించిరి, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి, జప్తు సొత్తును వేలము వేసిన పాడువారు లేకపోయిరి. చౌరీచౌరా హింసానంతరము ఫిబ్రవరిలో గాంధీమహాత్ముడు ఉద్యమమును నిలుపగా ఈ పోరును ఆగినది. ఒకరు త్రాటిని ఎత్తుకొని నడచిరి, ఒకరు త్రాటితోనే నిలిచిరి. రెండు చోట్లను అధికారి చేతికి త్రాటికొన తేలికగా చిక్కలేదు.

చీరాలవారు ఓడిరని చెప్పువారు కలరు. పన్ను సంగతిలో ఆ మాట నిజమే. దానిని దాచుట చరిత్ర కాదు. కాని పదునొకండు నెలలు వేలకొలది కుటుంబములు హింస లేక కట్టుబాటుతో పాకలలో నిలిచిన సంగతియు అంతే నిజము. ఎదుటి గోడను మాత్రమే చూచువాడు దానిని పగులగొట్టుటయో, తలవంచి మరలుటయో రెండే యెఱుగును. తన కాలిని తాను చూచుకొన్నవానికి మూడవ యుపాయము తోచును. ఆ యుపాయమునకును ఖరీదు కలదు; రామనగరములో దానిని ఎండకును వానకును నోర్చిన ఆడువారు, పసిబిడ్డలు చెల్లించిరి.

కనుక ఆ రైతుగారు మరల వచ్చిన నా సమాధానమును దిద్దుకొందును. అడ్డంకి ముందుండునది, ఇంపెడిమెంటు మనతో నుండునది. ఏదేని పని సాగనపుడు త్రోవలో నేమున్నదని చూచుటతోపాటు కాలికేమి చుట్టుకొన్నదో కూడ వంగి చూడవలయును. విప్పదగినదైన విప్పవలయును, బిడ్డవలె విడువరానిదైన ఎత్తుకొని నడువవలయును, చేనువలె ఎత్తరానిదైన దానితోనే నిలువవలయును. ఏది యేదో నిర్ణయించుట మీవంటి పెద్దల పని.