పలక వంటి కంప్యూటరు: సర్ క్లైవ్ సింక్లెయిర్ స్మృతి



2021 సెప్టెంబరు 16వ తేదీన లండన్ నగరంలో సర్ క్లైవ్ సింక్లెయిర్ తన 81 సంవత్సరాల వయసులో కన్నుమూశారు. భాషాబోధనతో ఆయనకు సంబంధం లేదు, తెలుగు గడ్డతో అంతకంటె లేదు. అయినను బడిపిల్లల చేతికి కంప్యూటరు ఏ విధంగా చేరాలి అన్న ప్రశ్న నేటికీ మన ముందున్నది కనుక, ఆ ప్రశ్నకు నలుబది యేండ్ల క్రిందట తనదైన సమాధానం చెప్పిన ఈ విలక్షణ వ్యక్తి చరిత్ర ఉపాధ్యాయులు తెలుసుకొనదగినదని నా అభిప్రాయం.

సింక్లెయిర్ 1940 జులై 30న ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో జన్మించారు. తండ్రి, తాత ఇరువురూ ఇంజనీర్లే. బాల్యంలో పలు బడులు మారవలసి వచ్చింది. పదిహేడేళ్లకే చదువు చాలించి, విశ్వవిద్యాలయపు గడప తొక్కకుండా, ఒక రేడియో పత్రికలో సాంకేతిక రచయితగా చేరారు. రేడియోల నిర్మాణంపై చిన్నచిన్న పుస్తకాలు వ్రాశారు. కఠినమైన విషయాన్ని సామాన్యునికి అర్థమయ్యేటట్లు చెప్పడం ఆయన నేర్చిన మొదటి విద్య. 1961లో సొంత సంస్థను స్థాపించి, కొన్నవారే ఇంటివద్ద అతికించుకొనే విడిభాగాల రూపంలో చిన్న రేడియోలను, యాంప్లిఫయర్లను తపాలా ద్వారా అమ్మసాగారు.

వస్తువును చిన్నదిగా చేయాలి, వెల తగ్గించాలి. జీవితాంతం ఆయనను నడిపించిన రెండు పట్టుదలలు ఇవే. 1972లో వెలువడిన ఎగ్జిక్యూటివ్ అనే కాలిక్యులేటరు ఇందుకు మొదటి గొప్ప సాక్ష్యం. ఆనాటి కాలిక్యులేటర్లు ఇటుకలంత లావుగా ఉండేవి, ఏలనంటే వాటిలోని చిప్పు విద్యుత్తును విపరీతంగా త్రాగేది, దానికి పెద్ద బ్యాటరీలు కావలసి వచ్చేవి. సింక్లెయిర్ బృందం ఒక కిటుకు కనిపెట్టింది. చిప్పుకు విద్యుత్తును నిరంతరంగా ఇవ్వకుండా, క్షణంలో అనేక పర్యాయాలు ఆపుతూ ఇస్తూ పోయినా అది లెక్కను మరువదని గ్రహించింది. ఊయలను ఎడతెగక తోస్తూ ఉండనక్కరలేదు కదా! అదను చూచి ఒక్కొక్క తోపు తోస్తే చాలు. ఈ ఉపాయంతో విద్యుత్తు ఖర్చు ఇంచుమించు పదవ వంతుకు దిగింది. కోటు జేబులో ఇమిడే పలుచని యంత్రం తయారయింది.

అయితే ఆయన తొందరపాటు కూడ ఆనాడే బయటపడింది. 1975లో తెచ్చిన బ్లాక్ వాచ్ అనే చేతిగడియారం ఘోరంగా విఫలమయింది. నైలాన్ దుస్తుల రాపిడి వలన పుట్టే స్థిరవిద్యుత్తుకే దానిలోని చిప్పు చెడిపోయేది. ఎండకు ఒక తీరు, చలికి ఒక తీరు నడిచేది. నష్టాలలో కూరుకొన్న సంస్థను ప్రభుత్వ సంస్థయైన నేషనల్ ఎంటర్‌ప్రైజ్ బోర్డు ఆదుకొన్నది గాని, దానితో పొసగక 1979లో సింక్లెయిర్ వైదొలగారు.

అంతటితో ఆయన కథ ముగియలేదు. 1980లో జడ్ఎక్స్80 వెలువడింది. తయారుగా కొంటే 99.95 పౌండ్లు, విడిభాగాలుగా కొని కూర్చుకొంటే 79.95 పౌండ్లు. బ్రిటనులో నూరు పౌండ్లకు లోబడి దొరికిన మొదటి కంప్యూటరు ఇదే. దాని జ్ఞాపకశక్తి ఒక్క కిలోబైటు. అనగా నేటి యూనికోడు పద్ధతిలో మన సీసపద్యం ఒక్కటి ఎత్తుగీతితో సహా దాచడానికి ఇరుకైనంత చోటు! తెరను చూపించడం, లెక్క చేయడం రెండు పనులూ ఒకే ప్రాసెసరు చేయవలసి రావడం చేత, అది ఆలోచించునపుడెల్ల తెర చీకటయ్యేది. మరుసటి యేడు వచ్చిన జడ్ఎక్స్81లో ఆ లోపాన్ని సవరించి, ఇరువదికి పైగా ఉన్న చిప్పులను నాలుగింటికి కుదించి, వెలను 69.95 పౌండ్లకు దించారు. స్కాట్లాండులోని డండీ నగరంలో గడియారాలు చేసే టైమెక్స్ కర్మాగారం వీటిని తయారుచేసేది. పదిహేను లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

1982 ఏప్రిల్ 23న వచ్చిన జడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌తో సింక్లెయిర్ పేరు బ్రిటనులో ఇంటింటా మారుమ్రోగింది. 16 కిలోబైట్లది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. రబ్బరు మీటలు, రంగుల తెర. ఇంటిలోని టీవీయే దానికి తెర, పాటల క్యాసెట్టు యంత్రమే దానికి భాండాగారం. ఒక ఆట ఎక్కాలంటే కీచుమనే శబ్దాల నడుమ కొన్ని నిమిషాలు ఓపిక పట్టవలసిందే. వివిధ రూపాలలో ఇది సుమారు ఏబది లక్షలు అమ్ముడయింది. 1983లో రాణి ఆయనకు నైట్ బిరుదమిచ్చి సత్కరించింది.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన ఘట్టం ఒకటున్నది. ఆ రోజులలోనే బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పే ఉద్యమం తలపెట్టి, దానికొక యంత్రాన్ని ఎన్నుకొన్నది. సింక్లెయిర్ పోటీపడ్డారు. అవకాశం మాత్రం ఎకార్న్ సంస్థకు దక్కింది. ఆ సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన క్రిస్ కర్రీ పూర్వం సింక్లెయిర్ వద్దనే పనిచేసినవారు. వైరం ముదిరి 1984 డిసెంబరులో కేంబ్రిడ్జిలోని ఒక మద్యశాలలో, తన యంత్రాలు తరచు చెడిపోతాయని సూచించిన ఎకార్న్ ప్రకటనకు కోపించి, సింక్లెయిర్ చుట్టిన వార్తాపత్రికతో కర్రీని కొట్టారన్నది లోకప్రసిద్ధం.

బీబీసీ యంత్రం దృఢమైనది, శ్రేష్ఠమైనది. కాని దాని బి నమూనా వెల 399 పౌండ్లకు చేరింది. కనుక అది బడులకు చేరింది. స్పెక్ట్రమ్ ఇండ్లకు చేరింది. మన పరిభాషలో చెప్పాలంటే మొదటిది నల్లబల్ల, రెండవది పలక. నల్లబల్ల గురువుది, దానిపై తప్పు వ్రాయడానికి పిల్లవాడు జంకుతాడు. పలక పిల్లవానిది, వందసార్లు వ్రాసి వందసార్లు చెరిపివేయవచ్చు. పలక పగిలినా, గీతలు పడినా, అక్షరాలు మాత్రం చేతికి పట్టుబడతాయి.

ఈ పలకతో పాటు ఒక చక్కని వాచకం కూడ ఇచ్చారు. స్టీవెన్ వికర్స్ రచించిన ఆ పుస్తకం బేసిక్ భాషను మొదటి పాఠం నుండి క్రమంగా నేర్పేది. యంత్రం తెరవగానే అది ఆజ్ఞ కోసం ఎదురుచూచేది. ఏదో ఒకటి వ్రాయనిదే అది ఏమీ చేయదు. ఈ నిర్బంధమే ఆ దేశంలో ఒక తరాన్ని ప్రోగ్రామర్లుగా తీర్చింది. ఆట కొనలేని పిల్లవాడు పత్రికలో అచ్చయిన ఆటను వరుస వరుసగా మీటలు నొక్కి ఎక్కించుకొని, తప్పులు దిద్దుకొని ఆడుకొనేవాడు. ఎత్తిరాతతో మన పూర్వులు కావ్యభాష నేర్చిన పద్ధతి ఇదే కదా!

అక్షరాలపై మక్కువ గల నావంటి వానికి స్పెక్ట్రమ్‌లో మరొక విశేషం కనిపిస్తుంది. వాడేవాడు తన సొంత గుర్తులను గీసికొనడానికి అందులో 21 గదులు కేటాయించారు. ఒక్కొక్క గుర్తుకు అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 చుక్కలు. చుక్కల ముగ్గు వేసినట్లు వాటిని నింపి ఆంగ్లేతర లిపులను గీసికొనే వీలు కలిగింది. తూర్పు ఐరోపాలోను, సోవియట్ దేశంలోను వందల తీరుల అనుకరణ యంత్రాలు పుట్టి, అక్కడివారు తమతమ భాషలలో ఆటలు వ్రాసుకొన్నారు. మన గుణింతాలకు, వత్తులకు ఆ 21 గదులు ఏమూలకూ చాలవు. కాని లిపిని యంత్రానికి నేర్పే పని యంత్రం కొన్నవాని చేతిలోనే ఉన్నదన్న మాట అల్పమైనది కాదు.

మన దేశానికి కంప్యూటరు విద్య బడుల ద్వారా వచ్చినపుడు, 1984లో ప్రారంభమైన క్లాస్ పథకం సుమారు 250 పాఠశాలలకు బీబీసీ యంత్రాలనే పంచింది. నల్లబల్ల వచ్చింది, పలక రాలేదు. స్పెక్ట్రమ్‌కు లైసెన్సు పొందిన భారతీయ రూపం ఒకటి తరువాత మార్కెట్టులోకి వచ్చినా, మధ్యతరగతి ఇండ్లకు కూడ అది అరుదే. సరిహద్దు జిల్లాలలోని మా బడులలో ఎన్నో యేండ్ల తరువాత కంప్యూటర్లు ప్రవేశించినపుడు, అవి గుడ్డ కప్పుకొని తాళం వేసిన గదిలో ఉండడం నేను చూచాను. వారానికొకసారి పిల్లలు చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని వాటిని దర్శించేవారు. దైవదర్శనం వలన భక్తి కలుగుతుందేమో గాని, విద్య అలవడదు.

సింక్లెయిర్ పతనం కూడ ఆయన స్వభావంలోనే ఉన్నది. 1984 జనవరిలో క్యూఎల్ అనే యంత్రాన్ని అది సిద్ధం కాకమునుపే ప్రకటించారు. సొమ్ము ముందు తీసికొని, సరకు నెలల తరబడి పంపలేకపోయారు. కొన్నవారి విశ్వాసం సడలింది. మరుసటి యేడు జనవరి 10న, గడ్డకట్టే చలిలో, లండన్‌లోని అలెగ్జాండ్రా భవనం వద్ద సీ5 అనే మూడు చక్రాల విద్యుత్ వాహనాన్ని ఆవిష్కరించారు. వెల 399 పౌండ్లు, మోటారు 250 వాట్లు, వేగం గంటకు 24 కిలోమీటర్లు. లైసెన్సు అక్కరలేదు, పదునాలుగేండ్ల పిల్లవాడైనా నడపవచ్చు. చుక్కాని తొడల క్రింద ఉండేది. పైకప్పు లేదు, వాన వస్తే తడవవలసిందే. నేలకు ఆనుకొన్నట్లు కూర్చొన్నవానికి ప్రక్కన పోయే లారీ చక్రాలే కనిపించేవి. ఎత్తు ఎక్కాలంటే పెడలు తొక్కాలి. చలికి బ్యాటరీ త్వరగా నీరసించేది. హూవర్ సంస్థ కర్మాగారంలో తయారు కావడం చేత అందులో బట్టలుతికే యంత్రపు మోటారు ఉన్నదని ఒక వదంతి పుట్టి దేశమంతా నవ్వింది. నిజానికి ఆ మోటారు ఇటలీలో చేసినది. ఆగస్టులో ఉత్పత్తి నిలిచింది. చేసినవి సుమారు 14,000, సంస్థ మూతపడేనాటికి అమ్మినవి సుమారు 5,000 మాత్రమే. 1986 ఏప్రిల్‌లో కంప్యూటర్ల హక్కులను 50 లక్షల పౌండ్లకు ఆమ్‌స్ట్రాడ్ సంస్థకు అమ్ముకొన్నారు. పిదప కూడ మడతపెట్టే సైకిలు, విద్యుత్ సైకిలు అంటూ ప్రయత్నాలు మానలేదు. లోకానికి కంప్యూటరు అలవాటు చేసిన ఈ మనిషి తన వృద్ధాప్యంలో కంప్యూటరు గాని, ఈమెయిలు గాని వాడేవారు కారు!

ఆ నవ్వులో అన్యాయమూ ఉన్నది, న్యాయమూ ఉన్నది. వానలో తడిపే బండిని, చెప్పిన గడువుకు రాని యంత్రాన్ని ప్రజలు తిరస్కరించడం సహజం. కొన్నవాడు పరీక్షాశాల కాడు. కాని ఆయన పట్టుకొన్న దిక్కు సరైనదే. నేడు మన దేశపు మోటారు వాహన నియమాలు 250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, పరిమిత బరువు గల విద్యుత్ ద్విచక్ర వాహనాలకు లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదంటున్నవి. సీ5 కొలతలు ఇంచుమించు ఇవే. ఆయనకు కొరవడినవి తేలికైన బ్యాటరీ, కొంత ఓపిక.

విఫలమైన క్యూఎల్ కూడ వ్యర్థం కాలేదు. ఫిన్లండు దేశంలో ఒక కుర్రవాడు కూడబెట్టిన సొమ్ముతో దానిని కొన్నాడు. దానికి తగిన సాఫ్ట్‌వేరు ఆ దేశంలో దొరకక, తనకు కావలసిన పరికరాలను తానే వ్రాసికొన్నాడు. అతడే లైనస్ టోర్వాల్డ్స్. 1991లో అతడు మొదలుపెట్టిన లినక్స్‌ను ఎవరైనా తమ భాషలోకి మార్చుకొనవచ్చు. ఆ స్వేచ్ఛ వల్లనే హైదరాబాదు మిత్రులు స్వేచ్ఛ అనే పేరుతో దానికి తెలుగు రూపమిచ్చారు.

మా పిల్లలు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, ఇంట తెలుగు మాట్లాడేవారు. వారికి పంచిన యంత్రాలలో మొదట మెలగేది ఏ భాష అన్నది తరచు మరెవరో నిర్ణయిస్తారు. యంత్రం చవకగా, తెరచి చూడదగినదిగా, పిల్లవాడు తప్పులు చేయడానికి వీలైనదిగా ఉంటే ఆ నిర్ణయం వారి చేతికి వస్తుంది. మీ బడిలో కంప్యూటరు గది తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో ఉపాధ్యాయ మిత్రులు ఒకసారి విచారించండి. వీలైతే వారానికొక గంట ఆ తాళంచెవిని పిల్లలకిచ్చి చూడండి.

స్వస్తి.