స్విచింగ్ పవర్ సప్లైలో పరివర్తకం: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- పరివర్తకం పరిమాణానికీ పౌనఃపున్యానికీ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
- ఫెర్రైట్, ట్రాన్సిస్టర్ల పాత్రను అంచనా వేయగలుగుతారు.
- ఒక ఆవిష్కరణ ఘనతను ఒక్క వ్యక్తికే ఆపాదించే వాదనను ఆధారాలతో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

పాత రేడియో అడాప్టరును ఒక చేతిలోకి, సెల్‌ఫోన్ ఛార్జరును మరో చేతిలోకి తీసుకోండి. ఎక్కువ శక్తినిచ్చే ఛార్జరే తేలికగా ఉంటుంది. రెండింటిలోనూ పరివర్తకం, అంటే వాడుకలో ట్రాన్స్‌ఫార్మర్, ఉంది. రెండూ 1831లో మైకేల్ ఫారడే లండన్‌లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం మీదే పనిచేస్తాయి. సూత్రం అంత పాతదైతే, ఈ చిన్న పరివర్తకం మన ఇళ్ళకు చేరడానికి దాదాపు 150 ఏళ్ళు ఎందుకు పట్టింది?

2. ఇనుప కోర్ యుగం

1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు మూసిన కోర్ గల పరివర్తకాన్ని రూపొందించారు. తరువాతి విద్యుత్ సరఫరా వ్యవస్థలకు ఇదే పునాది.

ఒక్కో చుట్టుకు వచ్చే వోల్టేజి మూడింటిపై ఆధారపడుతుంది: పౌనఃపున్యం, కోర్ వైశాల్యం, అభివాహ సాంద్రత. ఈ మూడింటి లబ్ధాన్ని సైన్ తరంగానికి 4.44తో, చతురస్ర తరంగానికి 4తో గుణించాలి. 50 హెర్ట్జ్, 10 చదరపు సెంటీమీటర్లు, 1.2 టెస్లా తీసుకుంటే చుట్టుకు సుమారు 0.27 వోల్టు వస్తుంది. అంటే 230 వోల్టులకు దాదాపు 860 చుట్లు కావాలి. పౌనఃపున్యం పెంచితే చుట్లూ కోర్ వైశాల్యమూ తగ్గించవచ్చు. కానీ అప్పుడు ఇనుములో ఎడ్డీ ప్రవాహాలు పెరిగి కోర్ వేడెక్కుతుంది. పలుచని రేకులు పేర్చినా ఈ నష్టం తగ్గేది కొంతవరకే.

3. ఫెర్రైట్ రాక

1930లో టోక్యో సాంకేతిక విద్యాసంస్థలో యోగోరో కాటో, తకేషి తకేయి ఫెర్రైట్లపై పరిశోధన చేశారు. దాన్ని వాణిజ్యపరం చేయడానికి 1935లో టీడీకే సంస్థ ఏర్పడింది. నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్‌లో స్నూక్ బృందం మరింత మెరుగైన ఫెర్రైట్లను రూపొందించింది. ఫెర్రైట్ పింగాణీ వంటి పదార్థం. దాని విద్యుత్ నిరోధకత ఇనుము కంటే లక్షల రెట్లు ఎక్కువ కనుక ఎడ్డీ ప్రవాహాలు అణగిపోతాయి.

ఇప్పుడు లెక్క మళ్ళీ చేయండి. 1,00,000 హెర్ట్జ్, 1 చదరపు సెంటీమీటరు, 0.1 టెస్లా తీసుకుంటే చతురస్ర తరంగంలో చుట్టుకు 4 వోల్టులు వస్తాయి. 230 వోల్టుల సరఫరాను ఏకదిశీకరిస్తే వచ్చే 325 వోల్టులకు సుమారు 80 చుట్లు చాలు.

4. స్విచ్ కోసం నిరీక్షణ

కోర్ సిద్ధమైనా, అంత వేగంగా విద్యుత్తును ఆపి, వదిలే స్విచ్ కావాలి. 1930ల కారు రేడియోలలో యాంత్రిక వైబ్రేటర్ ఈ పని చేసేది. 1955లో జార్జ్ రాయర్ ట్రాన్సిస్టర్లతో పనిచేసే కన్వర్టర్‌ను ప్రచురించారు. వందల వోల్టులను తట్టుకునే వేగవంతమైన సిలికాన్ ట్రాన్సిస్టర్లు చౌకగా దొరికాకే ఈ పద్ధతి సామాన్య పరికరాలకు చేరింది. 1976లో వచ్చిన ఎస్‌జీ1524 చిప్ నియంత్రణ వలయాన్ని సులభతరం చేసింది.

5. ఘనత ఎవరిది?

1977 నాటి ఆపిల్-2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ స్విచింగ్ పవర్ సప్లై రూపొందించారు. ఇతర కంప్యూటర్లన్నీ ఆ నమూనానే కాపీ కొట్టాయని స్టీవ్ జాబ్స్ చెప్పినట్లు ఆయన జీవితచరిత్రలో ఉంది. ఈ వాదన నిలుస్తుందా? హోల్ట్ వాడింది ఫ్లైబ్యాక్ పద్ధతి. కోర్‌లో శక్తిని నిల్వచేసి, స్విచ్ ఆగినప్పుడు విడుదల చేసే ఈ పద్ధతి అప్పటికే పిక్చర్ ట్యూబు టీవీల్లో ఉంది. 625 గీతల టీవీలో ఆ పరివర్తకం 15,625 హెర్ట్జ్ వద్ద పనిచేసేది. హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసిన పిక్చర్ ట్యూబు టీవీల్లోనూ ఇదే సూత్రం. హోల్ట్ పనితనాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ పదార్థాన్నీ స్విచ్‌నూ సిద్ధంచేసిన అనేకమందిని మరచిపోతే చరిత్ర కాస్తా కథగా మారుతుంది.

6. రూపకర్త ముందున్న సమస్యలు

పరిమాణం తగ్గింది గాని కష్టాలు తీరలేదు. ఫెర్రైట్ 0.3 టెస్లా దాటినా పనిచేయగలదు. అయినా అధిక పౌనఃపున్యంలో వేడి పెరుగుతుంది కనుక 0.1 టెస్లా దగ్గరే ఆగవలసి వస్తుంది. 1,00,000 హెర్ట్జ్ వద్ద విద్యుత్తు రాగి తీగ ఉపరితలంలో సుమారు 0.2 మిల్లీమీటరు లోతులోనే ప్రవహిస్తుంది. అందుకే సన్నని తీగలను పురిపెట్టి వాడతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది రక్షణ. 325 వోల్టులకూ మన చేతికీ మధ్య అడ్డుగా నిలిచేది ప్రాథమిక, ద్వితీయ చుట్ల నడుమ ఉన్న బంధక పొర. అది కోర్‌లో చోటు ఆక్రమిస్తుంది, ఖర్చు పెంచుతుంది. అక్కడ చేసే పొదుపు ప్రాణం మీదికి తెస్తుంది.

7. సారాంశం

సూత్రం ఒక కాలంలో, పదార్థం మరో కాలంలో, స్విచ్ ఇంకో కాలంలో వచ్చాయి. ఈ మూడూ కలిసినప్పుడే చిన్న పరివర్తకం సాధ్యమైంది. ఏ ఆవిష్కరణనైనా చదివేటప్పుడు "ఎవరు కనుగొన్నారు?" అన్న ప్రశ్నతో ఆగకండి. "అప్పటిదాకా ఏది లోపించింది?" అని కూడా అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పౌనఃపున్యం పెరిగితే చుట్ల సంఖ్య ఎందుకు తగ్గుతుంది?
2. అధిక పౌనఃపున్యానికి ఇనుము కంటే ఫెర్రైట్ ఎందుకు అనువైనది?
3. ఆపిల్-2 పవర్ సప్లై గురించిన వాదనను ఆధారాలతో విమర్శించండి.