చెంపదెబ్బకు శాస్త్రం లేదు

హైదరాబాద్‌లో గడ్డిఅన్నారం నుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాకా ఒక సాయంత్రం నడిస్తే చెవిన పడే చెంపదెబ్బలు చాలామటుకు మాటల్లోనే ఆగిపోతాయి. పానీపూరీ బండి దగ్గర మొండికేసిన కొడుకుతో తల్లి, అడ్డం వచ్చిన బైకువాడితో ఆటోవాడు, హాస్టల్ గేటు దగ్గర ఒకరితో ఒకరు కుర్రాళ్లు, అందరిదీ ఒకటే హెచ్చరిక: "ఒక్కటిస్తే గూబ గుయ్యిమంటది!" నిజంగా పడేవి తక్కువే. పడినప్పుడు మాత్రం కొట్టినవాళ్లు ధర్మం పక్కన నిలబడినట్టే మాట్లాడతారు. మా తాతలు ఇలాగే పెంచారు, గురువులు ఇలాగే నేర్పారు, ఇది మన సంప్రదాయం అంటారు. ఆ సంప్రదాయపు పుస్తకాలనే సాక్షులుగా పిలిస్తే కేసు అడ్డం తిరుగుతుంది.

శిష్యుణ్ణి కొట్టకుండానే దిద్దాలన్నాడు గౌతమ ధర్మసూత్రకారుడు. అది సాధ్యం కాకపోతే సన్నని తాడో వెదురు బద్దో వాడవచ్చు. మరి దేనితో కొట్టినా రాజు ఆ గురువునే శిక్షించాలి. ఈ లెక్కన చెయ్యి కూడా నిషిద్ధ వస్తువే. కొట్టే విషయంలో పెద్దగా మొహమాటం లేని మనువు భార్యనీ, కొడుకునీ, శిష్యుణ్ణీ, తమ్ముణ్ణీ దండించనిచ్చాడు గానీ వీపు మీదనే, తల మీద ససేమిరా వద్దన్నాడు. హద్దు దాటినవాడికి దొంగకు అంటే పాపమే అంటుందట. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ సూత్రం చెప్పే శిక్షలు ఇంకా మెత్తన: భయపెట్టడం, పస్తుంచడం, చన్నీళ్లలో ముంచడం, ఎదుటికి రావద్దనడం. ఇక మాస్టార్లకు ప్రాణమైన దశగుణాల సామెత ఉంది. కర్రకు పది గుణాలని చెప్పే ఆ శ్లోకం ఆ పదీ ఏమిటో కూడా చెబుతుంది. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువుల దగ్గర పనికొస్తుంది; బురదలో, నీళ్లలో, చీకట్లో, గుడ్డితనంలో, ముసలితనంలో ఆసరా అవుతుంది. ఎక్కం అప్పజెప్పలేని పిల్లవాడు ఆ జాబితాలో లేడు.

మరి ఈ అలవాటు నిలబడింది దేనిమీద? కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దండపారుష్యం అనే అధ్యాయం చూస్తే కొంత తెలుస్తుంది. అది దాదాపు ధరల పట్టిక. సాటివాణ్ణి బొడ్డు కింద చేత్తోనో దుమ్ముతోనో తాకితే 3 పణాల జరిమానా. బొడ్డు పైన రెట్టింపు, తల మీదైతే నాలుగింతలు. పైవాడి మీద చెయ్యి పడితే జరిమానా మళ్లీ రెండింతలు, కిందివాడి మీదైతే సగం. కిందికి కొట్టే దెబ్బకు రాయితీ అన్నమాట! 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతి కూడా ఈ తూకాన్ని పూర్తిగా వదల్లేదు. మామూలు మనిషిని కొట్టి గాయపరిస్తే 323వ సెక్షన్ కింద గరిష్ఠంగా ఏడాది జైలు ఉండేది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగినైతే 332 కింద మూడేళ్లు. ఉద్యోగికి రక్షణ అవసరమే, కాదనను. కానీ అదే ఉద్యోగి జనం మీద చెయ్యి చేసుకుంటే శిక్ష మూడింతలు కావాలని ఆ సెక్షన్లు చెప్పలేదు. 2011 నవంబరులో ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి శరద్ పవార్ చెంప మీద ఒక యువకుడు కొట్టిన దెబ్బ దేశమంతా మోగింది. అదే రోజు దేశంలో ఎన్ని ట్యూషన్లలో, హోటళ్ల వంటగదుల్లో ఎన్ని చెంపలు మోగాయో ఏ పత్రికా రాయలేదు. పైకి ఎగిరిన దెబ్బ వార్త, కిందికి జారిన దెబ్బ పెంపకం.

ప్రేమ ఉన్నవాళ్లే కొడతారు కదా అంటారు. ప్రేమే కారణమైతే మనవడు తాతనూ, గుమాస్తా సేఠునూ అప్పుడప్పుడు కొడుతూ ఉండాలి. ఇది మనకొక్కరికే అంటిన జబ్బు కాదన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ఇంగ్లండు ప్రభుత్వ బడులు బెత్తాన్ని వదిలింది 1987లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో విద్యా నియమాలు సవరించి బడిలో దెబ్బలు నిషేధించింది; 2009 నాటి విద్యాహక్కు చట్టం మానసిక వేధింపును కూడా చేర్చింది. అయితే ఆ చట్టం చూపు ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల మీద. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి కోచింగ్ గదుల్లో కూర్చునేవాళ్లలో చాలామంది ఆ వయసు దాటినవాళ్లే.

చెయ్యి చెంపకు తగిలిన ప్రతిసారీ అవమానమే అనలేం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 1986 నుంచి 2022లో కూల్చేదాకా వేసవుల్లో పుచ్చకాయలు తిన్న చరుపులకు లెక్కలేదు; అవి పండిందా లేదా అని అడిగే చరుపులు. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడిలో గురువారం నాడు లెంపలేసుకునేవాళ్లలో ఆఫీసర్లుంటారు, వాళ్ల డ్రైవర్లూ ఉంటారు. పెద్ద హోదావాడి చెంప మీద నలుగురి ఎదుటా దెబ్బ పడినా కేసు పుట్టని చోటు అదొక్కటే. కొట్టిందీ తిన్నదీ ఒకరే కాబట్టి జరిమానా రెట్టింపో సగమో కౌటిల్యుడు కూడా తేల్చలేడు.