నేపాళ మాంత్రికుడి వెనక మనవాళ్లు

జమ్మలమడుగు దాటి గండికోట వైపు పోతే, ఆ చుట్టుపక్కల పాడుబడిన గుళ్లల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒక దృశ్యం కంటబడుతుంది. నంది విగ్రహం పక్కకు ఒరిగి ఉంటుంది. దాని కింద నడుములోతు గొయ్యి. గట్టున కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయలు, కర్పూరం మసి, నాలుగు కోడి ఈకలు. గుప్తనిధి కోసం ఎవరో రాత్రికి రాత్రి తవ్వి పోయారన్నమాట. రాజులు దాచిన లంకెబిందెలు ఉన్నాయని, వాటికి భూతం కాపలా ఉందని, బలి ఇస్తే తప్ప దారి వదలదని నమ్మేవాళ్లు ఈ పెన్నా గట్టున తరతరాలుగా ఉన్నారు. పట్టపగలు ఇదంతా కొట్టిపారేసినవాడు కూడా చీకటి పడ్డాక ఆ గొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడడు.

ఆ ఆశ, ఆ భయం రెండూ కలిసిన కథను తెలుగు తెర మీద అందరికంటే బాగా చెప్పిన సినిమా ‘పాతాళభైరవి’. 1951 మార్చి 15న విడుదలైంది. అందరూ దాన్ని జానపదం అంటారు. పాటలు, రాజకుమారి, కథానాయకుడు తోటరాముడి ప్రేమ గుర్తుకు తెచ్చుకుంటారు. అవన్నీ కాసేపు పక్కన పెట్టి చూడండి. శక్తుల కోసం ఏళ్లతరబడి ఉపాసన చేసిన ఒక నేపాళ మాంత్రికుడు, అమ్మవారికి బలి ఇవ్వడానికి సకల లక్షణాలూ ఉన్న సాహసవంతుడైన యువకుడి కోసం దేశాలు పట్టి తిరుగుతుంటాడు. వాడు దొరికాక తీపి మాటలు చెప్పి, ఆశ చూపి, గుహలోకి నడిపించుకుపోతాడు. ఇది అచ్చమైన క్షుద్రపూజ కథ. ఈ రోజు తీస్తే పోస్టరు మీద థ్రిల్లర్ అని రాస్తారు.

దీన్ని తీసినవాళ్లలో ముఖ్యులు మన పక్కవాళ్లే. నిర్మాత బి.నాగిరెడ్డిది పులివెందుల తాలూకా కుటుంబం. ఆయన అన్న బి.ఎన్.రెడ్డి అప్పటికే ‘వందేమాతరం’, ‘దేవత’, ‘స్వర్గసీమ’ తీసి పేరు తెచ్చుకున్న దర్శకుడు. ఇంటి వ్యాపారం ఎర్రగడ్డలు. రంగూనుకు ఎగుమతి చేసేవాళ్లు. నాగిరెడ్డికి ఆ వ్యాపారం తెలుసు, మద్రాసులో అచ్చాఫీసు నడపడం తెలుసు. తెనాలి చక్రపాణితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. దర్శకుడు కదిరి వెంకటరెడ్డి, అంటే కె.వి.రెడ్డి, తాడిపత్రి మనిషి. అది అనంతపురం జిల్లానే అయినా మనకు పొరుగూరి లెక్క. భౌతికశాస్త్రం చదివి, సినిమా కంపెనీలో క్యాషియరుగా చేరి, ప్రొడక్షన్ మేనేజరుగా ఎదిగి, ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు.

అందుకే ఈ సినిమాలో మంత్రాలు ఎన్ని ఉన్నా, తీసిన తీరు మాత్రం పద్దు పుస్తకం రాసినంత పద్ధతిగా ఉంటుంది. కె.వి.రెడ్డి స్క్రిప్టు పూర్తిగా తయారు కానిదే సెట్టు మీదికి పోయేవారు కాదు. ఒక్కో దృశ్యాన్నీ చదివించి, స్టాప్‌వాచ్ పట్టుకుని నిడివి చూసుకునేవారు. దయ్యాలు, దేవతల కథకు ఇంత కొలత ఎందుకంటారా? భయం నిలబడేది కొలత మీదే. మాంత్రికుడు ఎప్పుడు నవ్వాలి, ఎంతసేపు ఊరుకోవాలి, గుహలో మెట్లు ఎన్ని దిగాక విగ్రహం కనిపించాలి అన్న లెక్క తప్పితే జనం భయపడరు, నవ్వుతారు.

సినిమా పుట్టడానికి తక్షణ కారణం డబ్బే. నాగిరెడ్డి వాళ్ల విజయా సంస్థ మొదటి సినిమా ‘షావుకారు’ 1950లో వచ్చింది. మంచి సినిమా అన్నారు, పెట్టెలు మాత్రం నిండలేదు. రెండోది జనమంతా చూసేది కావాలి. కె.వి.రెడ్డి అంతకు ముందే వాహినీ సంస్థకు ‘గుణసుందరి కథ’ తీసి జానపదంలో చెయ్యి తిరిగినవారు. రచనలో పింగళి నాగేంద్రరావు, కమలాకర కామేశ్వరరావు ఆయన పక్కన ఉన్నారు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో నుంచి ఒక బీజం తీసుకున్నారు. అల్లావుద్దీన్ అద్భుతదీపం పోలిక కూడా అందులో కనిపిస్తుంది: కోరింది ఇచ్చే వస్తువు, దాన్ని స్వయంగా తీయలేక ఇంకొకణ్ణి గుహలోకి పంపే మాయగాడు, రాత్రికి రాత్రి వెలిసే భవనం. అయితే దీపంలో భూతం బదులు ఇక్కడ అమ్మవారి విగ్రహం వచ్చింది, దాంతో పాటు బలి వచ్చింది. ఈ ఒక్క మార్పుతో కథ మన నేల మీద కాళ్లూనుకుంది. గండికోట దగ్గర గొయ్యి తవ్వేవాడి బుర్రలో తిరిగేదీ ఇదే లెక్క: దైవం ఇస్తుంది, కాని ఊరికే ఇవ్వదు.

పాత్రల ఎంపిక ఇంకో మలుపు. తోటరాముడికి మొదట అక్కినేని నాగేశ్వరరావును, మాంత్రికుడికి ముక్కామలను అనుకున్నారని చెబుతారు. చివరికి ‘షావుకారు’లో నటించిన ఇద్దరే నిలిచారు: ఎన్.టి.రామారావు, ఎస్.వి.రంగారావు. రంగారావు అందులో సున్నం రంగడు అనే రౌడీ వేషం వేశారు. కాకినాడ రంగస్థలం మీద షేక్స్‌పియర్ పాత్రలు ఆడిన అనుభవం ఉంది. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు కూడా నిండలేదు. ఆ గడ్డం, ఆ నడక, ‘డింభకా’ అని పిలిచే ఆ గొంతు చూస్తే నమ్మబుద్ధి కాదు. ఆయన అరిచి భయపెట్టడు. ముద్దుగా మాట్లాడుతూ భయపెడతాడు. మనం ఎరిగిన నకిలీ స్వాములంతా చేసేది అదే. తెలుగు సినిమా మాంత్రికుల్లో ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు, ఈ మనిషిని మించినవాడు నాకైతే కనిపించలేదు.

అతని శిష్యుడు సదాజపుడి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ వేషం వేసిన పద్మనాభం పులివెందుల దగ్గర సింహాద్రిపురంలో 1931 ఆగస్టు 20న పుట్టారు. పద్యాలు పాడే గొంతు పట్టుకుని మద్రాసు పోయి, నటి కన్నాంబ ఇంట ఆశ్రయం పొందారు. ‘పాతాళభైరవి’ నాటికి ఇంకా ఇరవై నిండలేదు. గురువు చచ్చిపడి ఉంటే సంజీవని మూలికతో బతికించేది ఈ శిష్యుడే. ఆ పని జరక్కపోతే కథ సగంలోనే ఆగిపోయేది. తర్వాతి రోజుల్లో ఈయనే సొంతంగా సినిమాలు తీసి, ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’లో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం చేత మొదటి పాట పాడించారు. సీమ నుంచి పోయిన ఒక కుర్రాడు తెలుగువాళ్లకు ఇచ్చింది తక్కువేం కాదు.

సినిమా గుండెకాయ బలి ఘట్టం. పూజకు ముందు స్నానం చేసి రమ్మని మాంత్రికుడు రాముణ్ణి పంపుతాడు. నీళ్లల్లో మొసలి పట్టుకుంటుంది. పోరాడి చంపితే అది శాపం తీరిన దివ్యస్త్రీ అవుతుంది, మాంత్రికుడి గుట్టు విప్పి చెబుతుంది. రాముడు ఏమీ ఎరగనట్టు తిరిగి వస్తాడు. ఇప్పుడు మోసం చేసేది ఎవరు, మోసపోయేది ఎవరు అన్నది మనకు తెలుసు, మాంత్రికుడికి తెలియదు. మొక్కడం ఎట్లాగో చూపించమంటాడు రాముడు. గురువు వంగుతాడు. కత్తి లేస్తుంది. కంప్యూటరు మాటే లేని కాలంలో మార్కస్ బార్ట్‌లీ కెమెరా, గోఖలే, కళాధర్‌ల సెట్లు ఈ లోకాన్నంతా వాహినీ స్టూడియోలో నిలబెట్టాయి. ఘంటసాల సంగీతం సరేసరి.

ఫలితం ఊహించినదాని కంటే పెద్దది. సినిమా 28 కేంద్రాల్లో వంద రోజులు దాటింది, నేరుగా 200 రోజులు ఆడిన మొదటి తెలుగు సినిమాగా పేరు పొందింది. తమిళంలోనూ వచ్చింది, 1952లో జెమినీ వాళ్లు హిందీలో విడుదల చేశారు. అదే ఏడు బొంబాయిలో మొదలైన భారతదేశ తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దక్షిణాది నుంచి ప్రదర్శించిన సినిమా ఇదొక్కటే. 1951లోనే నాగిరెడ్డి అన్న బి.ఎన్.రెడ్డి ‘మల్లీశ్వరి’ తీశారు. కొన్నేళ్ల తేడాతో ఆ అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది: అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు.

ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఉండే పిల్లలు ఈ సినిమాను ఫోనులో ముక్కలు ముక్కలుగానే చూసి ఉంటారు. ఒక సెలవు రోజు పూట ఇంట్లో అందరూ కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడండి. మాంత్రికుడి వెనక నడిచే శిష్యుడు తెర మీదికి రాగానే, ఈయన మన సింహాద్రిపురం ఆయనేనని పిల్లలకు చెప్పండి.