పి.వి.నరసింహారావు శాసనసభా జీవితం

పాములపర్తి వెంకట నరసింహారావు (1921 జూన్ 28 - 2004 డిసెంబరు 23) భారతదేశానికి ప్రధానమంత్రిగా పనిచేసిన తొలి తెలుగువాడు. ఢిల్లీ రాజకీయాలలోకి వెళ్ళడానికి పూర్వం ఆయన రెండు దశాబ్దాలపాటు కరీంనగర్ జిల్లాలోని మంథని నియోజకవర్గానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రాతినిధ్యం వహించాడు. రాష్ట్రంలో మంత్రిగా, ముఖ్యమంత్రిగా పనిచేసిన ఈ కాలంలోనే భూసంస్కరణల చట్టానికి రూపకల్పన జరిగింది.

నేపథ్యం

పి.వి. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో జన్మించాడు. దత్తపుత్రునిగా అప్పటి కరీంనగర్ జిల్లాలోని వంగరలో పెరిగాడు. ఈ గ్రామం ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉంది. ఆయనది భూస్వామ్య కుటుంబం. విద్యార్థిగా ఉండగా వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువు ఆగిపోగా, నాగపూరులో న్యాయశాస్త్రం చదివాడు. 1952లో కరీంనగర్ లోక్‌సభ స్థానానికి పోటీచేసి, బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయాడు.

శాసనసభ్యుడు, మంత్రి

గోదావరి తీరాన ఉన్న మంథని వేదపండితులకు పేరొందిన పట్టణం. 2016 నుండి ఇది పెద్దపల్లి జిల్లాలో ఉంది. పి.వి. ఇక్కడినుండి 1957, 1962, 1967, 1972 ఎన్నికలలో వరుసగా నాలుగుసార్లు గెలుపొందాడు. 1962లో మంత్రివర్గంలో చేరి న్యాయ, సమాచార శాఖలను, తరువాత దేవాదాయ, వైద్య ఆరోగ్య శాఖలను నిర్వహించాడు. 1968 నుండి 1971 వరకు విద్యాశాఖ మంత్రి. కళాశాల స్థాయిలో తెలుగు మాధ్యమానికి అవసరమైన పుస్తకాలు సిద్ధం చేయడానికి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీకి ఆయన అధ్యక్షుడుగా ఉన్నాడు.

ముఖ్యమంత్రి

1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తరువాత కాసు బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేయగా, 1971 సెప్టెంబరు 30న పి.వి. ముఖ్యమంత్రి అయ్యాడు. తెలంగాణ ప్రాంతంనుండి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన మొదటి వ్యక్తి ఆయనే. నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల 1971లో ప్రారంభమైంది. 1972 ఎన్నికలలో కాంగ్రెసు ఘనవిజయం సాధించింది.

భూసంస్కరణలు

1961 నాటి పాత చట్టంలో భూపరిమితి, నేల రకాన్నిబట్టి 27 నుండి 324 ఎకరాల వరకు ఉండేది. ఇంత పెద్ద పరిమితి వలన మిగులు భూమి తేలే అవకాశం తక్కువ. 1972లో పి.వి. ప్రభుత్వం ముందుగా భూముల బదిలీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చి, తరువాత కొత్త బిల్లును శాసనసభలో ఆమోదింపజేసింది. ఐదుగురు సభ్యులున్న కుటుంబానికి తరి భూమి 10 నుండి 27 ఎకరాలు, మెట్ట భూమి 35 నుండి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితి అయింది. అధికారపక్షంలోనే భూస్వాములు ఎక్కువగా ఉన్నందున ఈ బిల్లు పి.వి.కి సొంత పార్టీలోనే శత్రువులను తెచ్చిపెట్టింది.

ముల్కీ తీర్పు, పదవీచ్యుతి

ప్రభుత్వోద్యోగాలలో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పి.వి. ఈ తీర్పును స్వాగతించడం కోస్తా, రాయలసీమలలో ఆగ్రహానికి కారణమైంది. జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. ఆ ప్రాంతాల మంత్రులు రాజీనామా చేశారు. భూపరిమితివల్ల నష్టపోనున్న వర్గాలు కూడా ఈ ఉద్యమాన్ని బలపరచాయని పలువురు విశ్లేషకుల అభిప్రాయం. 1973 జనవరిలో పి.వి. పదవి కోల్పోయాడు, రాష్ట్రపతి పాలన విధించబడింది.

భూపరిమితి బిల్లు మాత్రం అదే నెలలో రాష్ట్రపతి ఆమోదం పొంది 1973 నాటి 1వ చట్టమైంది. అమలులోకి వచ్చింది 1975 జనవరి 1న. ఈ మధ్యకాలంలో చాలామంది భూమిని బంధువుల పేర్లమీద, బినామీ పేర్లమీద చూపి తప్పించుకున్నారన్న విమర్శ ఉంది.

తరువాతి కాలం

1977లో హనుమకొండనుండి లోక్‌సభకు ఎన్నికకావడంతో పి.వి. శాసనసభా జీవితం ముగిసింది. 1991 నుండి 1996 వరకు ప్రధానమంత్రిగా పనిచేశాడు. 1998లో వెలువడిన ఆయన ఆంగ్ల నవల "ది ఇన్‌సైడర్"కు ఈ రాష్ట్ర రాజకీయాల అనుభవమే ఆధారం. దీని తెలుగు అనువాదం "లోపలి మనిషి". 2024లో ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించారు.