రోచోర్ కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? – సింగపూర్ నది శుద్ధి చరిత్ర

ఆదివారం వచ్చిందంటే మన కార్మికుల్లో చాలామంది లిటిల్ ఇండియా చేరుతారు. ఇంటికి డబ్బు పంపేవాళ్లు, కూరగాయలు కొనుక్కునేవాళ్లు, ఊరివాళ్లను కలుసుకునేవాళ్లు. ఆ పేట అంచున సుంగై రోడ్డు పక్కనే రోచోర్ కాలువ పారుతుంది. దాన్ని దాటేటప్పుడు ఆగి చూసేవాళ్లు తక్కువే. ఆ నీళ్లు కల్లాంగ్ బేసిన్‌లో కలిసి, అక్కడి నుంచి మెరీనా రిజర్వాయర్‌లోకి చేరతాయి. అంటే మన డార్మిటరీ కుళాయిలో వచ్చే నీటికి ఇలాంటి కాలువలు కూడా ఒక ఆధారమే. యాభై ఏళ్ల కిందట ఈ మాట చెబితే ఎవరైనా నవ్వి ఉండేవారు. అప్పట్లో ఈ కాలువలన్నీ ముక్కు మూసుకుని దాటాల్సిన మురుగు గుంటలు.

ఈ మురికి ఒక్కరోజులో పుట్టలేదు. 1819లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ రేవు పెట్టాక వ్యాపారమంతా సింగపూర్ నది ఒడ్డునే పెరిగింది. మూడు కిలోమీటర్ల చిన్న నది అది. సముద్రంలో ఆగిన ఓడల నుంచి సరుకు దించి తెచ్చే పడవలు, గోదాములు, మిల్లులు, కూలీలు, వాళ్లకు తిండి అమ్మేవాళ్లు అందరూ దాని చుట్టే చేరారు. ఆ చరిత్రలో ఇండియా నుంచి వచ్చినవాళ్ల పాలూ ఉంది. రోచోర్ నీళ్లు, పక్కనున్న పచ్చిక చూసుకునే సెరంగూన్ దగ్గర పశువుల వ్యాపారం సాగింది. బఫెలో రోడ్ అనే పేరు అప్పటిదే. మనం రైలు మారే ధోబీ ఘాట్ స్టేషన్ పేరు కూడా, ఆ దగ్గర వాగులో బట్టలుతికిన మన చాకలివాళ్ల వల్ల వచ్చిందే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి నది పరిస్థితి మరీ దిగజారింది. చాలా ఇళ్లకు మురుగు పైపులు లేవు. మరుగుదొడ్డి బకెట్లు మనుషులే ఎత్తుకుపోయేవాళ్లు. రోడ్డు పక్క తిండి అమ్మేవాళ్లు ఎంగిలి, నూనె, కడిగిన నీళ్లు కాలువలోకే పోసేవారు. వాళ్లకు వేరే చోటు ఎక్కడిది? కల్లాంగ్ వైపు పందుల, బాతుల దొడ్ల పెంట వానకు కొట్టుకొచ్చేది. పడవల రిపేరు షెడ్ల నుంచి నూనె, చెత్త వచ్చి పడేవి. పోటు వచ్చినప్పుడు ఆ మురికంతా వెనక్కి ఎక్కేది, పాటుకు మళ్లీ దిగేది. చేపలు బతికే వీలు లేకపోయింది.

1977 ఫిబ్రవరి 27న అప్పర్ పియర్స్ రిజర్వాయర్ ప్రారంభోత్సవంలో ప్రధాని లీ క్వాన్ యూ అధికారులకు ఒక గడువు పెట్టారు. పదేళ్లలో సింగపూర్ నదిలో, కల్లాంగ్ నదిలో మళ్లీ చేపలు పట్టుకునేలా కావాలన్నారు. బాధ్యత పర్యావరణ మంత్రిత్వ శాఖ మీద పడింది. ఆ శాఖను నడిపిన అధికారి లీ ఎక్ టియెంగ్ ఈ పనికి ముందు నిలిచారు. ఇళ్లు కట్టే బోర్డు, రేవు అధికారులు, ఇంకా చాలా శాఖలు ఒకే ప్రణాళిక కింద కదిలాయి.

వాళ్లు ముందుగా నదిలోకి దిగలేదు. మురికి ఎక్కడెక్కడి నుంచి వస్తోందో లెక్క తీశారు. నదిలో ఎంత పూడిక తీసినా, పైనుంచి వచ్చేది ఆపకపోతే ఏం లాభం? అందుకే పదేళ్లలో ఎక్కువ కాలం ఒడ్డు మీది పనికే పోయింది. దాదాపు 26,000 కుటుంబాలను మురుగు పైపులున్న హెచ్‌డీబీ ఫ్లాట్లకు మార్చారు. 5,000 మంది దాకా వీధి వ్యాపారులకు కుళాయి, మురుగు కనెక్షన్ ఉన్న హాకర్ సెంటర్లలో చోటిచ్చారు. 610 పందుల దొడ్లు, 500 బాతుల దొడ్లు ఎత్తేశారు. 1983లో 800 దాకా సరుకు పడవలను పసిర్ పంజాంగ్ తీరానికి తరలించారు. ఆ తర్వాతే అడుగున పేరుకున్న నల్లబురద తవ్వి తీశారు, గట్లు కట్టారు. బకెట్ల పద్ధతి కూడా 1987లో పూర్తిగా ఆగిపోయింది.

పునరావాసానికి ఇచ్చిన పరిహారం కాకుండానే దీనికి దాదాపు 17 కోట్ల సింగపూర్ డాలర్లు ఖర్చయింది. అంతా ప్రజల డబ్బే. కానీ డాలర్లలో లెక్కకు రాని ఖర్చు ఇంకొకటుంది. తాతల నాటి నుంచి పందులు పెంచి బతికినవాళ్లకు ఆ వృత్తే పోయింది. వీధి మలుపులో తెలిసిన గిరాకీని వదిలి కొత్త సెంటర్‌కు పోవాలంటే హాకర్లు భయపడ్డారు. పడవలవాళ్లకైతే రెండు దెబ్బలు. కంటైనర్ ఓడలు వచ్చి 1972 నుంచే వాళ్ల పని తగ్గుతోంది, ఆపైన ప్రశాంతమైన నది వదిలి అలలు కొట్టే తీరానికి పోవాల్సి వచ్చింది. ఇల్లు, దుకాణం, పరిహారం దొరికాయి నిజమే. అయినా కష్టం కష్టమే. ఇవాళ బోట్ కీ దగ్గర దీపాల వెలుగులో ఫోటోలు దిగేటప్పుడు, ఆ ఒడ్డు ఖాళీ చేసిపోయినవాళ్లను కూడా ఒకసారి తలుచుకోవాలి.

1987 సెప్టెంబరులో నదుల శుద్ధి పూర్తయిందని పండుగ చేశారు. ముఖ్యంగా పనిచేసిన పదిమంది అధికారులకు బంగారు పతకాలు ఇచ్చారు. నదిలో చేపలు తిరిగి వచ్చాయి.

కథ అక్కడితో ఆగలేదు. 2008లో సముద్రానికి అడ్డంగా మెరీనా బ్యారేజ్ తెరిచారు. ఉప్పునీటి పోటును ఆపి, వాననీళ్లు నిలబెట్టి, 2010 నాటికి ఊరి నడిబొడ్డున మంచినీటి రిజర్వాయర్ తయారుచేశారు. దేశంలో ఆరో వంతు నేల మీద పడిన వాన అందులోకే చేరుతుంది. 1977లో మురికిని మూలంలోనే ఆపకపోయి ఉంటే ఈ బ్యారేజ్ వెనక నిలిచేది మురుగు చెరువే.

ఇందులో మన వంతు ఎక్కడ? మురుగును తీసుకుపోవడానికి ఈ దేశం భూమి అడుగున లోతైన సొరంగాలు తవ్వుతూ వచ్చింది. మొదటి దశలో క్రాంజీ నుంచి చాంగి దాకా 48 కిలోమీటర్ల సొరంగం 2008లో పూర్తయింది. ఇక్కడి పెద్ద నిర్మాణాలన్నిటిలాగే వీటిలోనూ వలస కార్మికుల చెమట ఉంది. ఇక రోజూ సైటు మీద మనవాళ్లు చేసే ఇంకో పని ఉంది. తవ్విన మట్టి మీద షీట్లు కప్పడం, సిల్ట్ ఫెన్సు కట్టడం, బురదనీళ్లను ట్యాంకుల్లో తేర్చి వదలడం. సైటు భాషలో దీన్నే ఈసీఎం అంటారు. బయటికి వదిలే నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి మట్టి ఉండకూడదని రూలు. ఈ దేశంలో మురుగు పైపు వేరు, వాన కాలువ వేరు. వాన కాలువలో పడింది రిజర్వాయర్‌కే పోతుంది. సూపర్‌వైజర్ ఎందుకంత అరుస్తాడో ఈ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది.

హైదరాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లకు వెంటనే మూసీ గుర్తొస్తుంది. 1908 వరద తర్వాత ఆ నది మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఎగువ నీళ్లు పాడవకుండా 1996లో 111 జీవో తెచ్చారు. దిగువన ఊళ్లోకి వచ్చేసరికి మాత్రం మురుగే. సింగపూర్‌లా ఎందుకు కాదు అని సెలవుకి ఇంటికి పోయిన ప్రతివాడూ అడుగుతాడు. సింగపూర్ చిన్న దేశం, ఒకే ప్రభుత్వం. పోలిక పూర్తిగా కుదరదు. కానీ పని వరుస నేర్చుకోవచ్చు. ముందు మురుగు పైపులు, శుద్ధి కేంద్రాలు. ఒడ్డు మీది పేదవాళ్లకు ముందే ఇల్లు, బతుకుతెరువు. పూడిక ఆ తర్వాత. పార్కులు, దీపాలు అన్నిటికంటే చివర. ఈ వరుస తిరగబడితే డబ్బూ పోతుంది, పేదవాడి గూడూ పోతుంది, నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి.

రోచోర్ కాలువ గట్టును కూడా 2015లో మెట్లు, మొక్కలతో కొత్తగా తీర్చారు. వచ్చే ఆదివారం అక్కడ కూర్చుని అన్నం పొట్లం విప్పితే, ఖాళీ కవరు డబ్బాలో వేయండి. రేపు సైటులో పెయింట్ బ్రష్షు కడిగిన నీళ్లు, సిమెంటు నీళ్లు పక్క డ్రైనులో పోయమని ఎవరైనా చెబితే, అవి ఎక్కడికి పోతాయో వాళ్లకి చెప్పండి.