మొలకకు రంగెక్కించేది ఎవరు?

పెసలు నానబోసి గుడ్డలో కట్టి చీకట్లో పెడితే మొలకలు పాలిపోయి సన్నగా సాగుతాయి. వెలుతురులోకి తెస్తే కొన్ని గంటల్లోనే పచ్చబడతాయి. పత్రహరితం తయారీలో ఒక అంచెకు వాటికి వెలుగు తప్పనిసరి. కానీ అదే వెలుగు మొక్కకు కబురు కూడా మోస్తుందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ గింజల మీద ఎర్రని కాంతి వేస్తే అవి మొలకెత్తాయి. వెంటనే దూర ఎరుపు కాంతి వేస్తే ఆ ప్రభావం రద్దయింది. ఆ కబురు అందుకునే ఫైటోక్రోమ్ అనే వర్ణకాన్ని 1959లో చీకట్లో పెంచిన మొక్కజొన్న మొలకల్లో పట్టుకున్నారు.

ఈలోగా, 1955లో, స్కూగ్, మిల్లర్ల బృందం సైటోకైనిన్లనే మొక్కల హార్మోన్ల కుటుంబానికి చెందిన కైనెటిన్‌ను వేరుచేసింది. ఇక్కడ మన తోటకూర చుట్టం ఒకటి కథలోకి వస్తుంది. అమరాంథస్ కాడేటస్ మొలకల్లో ఎర్రని బీటాసయనిన్‌ను వెలుగు పెంచుతుంది. చీకట్లోనే టైరోసిన్‌తో పాటు సైటోకైనిన్ ఇచ్చినా ఆ రంగు వస్తుంది! 1973లో బిడింగ్‌టన్, థామస్ దీన్నే కొలబద్దగా తీర్చిదిద్దారు. మొలక వేరు, గింజ పొట్టు తీసేసి, పైభాగాన్ని పెట్రీ పళ్లెంలో, పరీక్షించాల్సిన ద్రావణంతో తడిపిన వడపోత కాగితం మీద చీకట్లో ఉంచుతారు. తర్వాత గడ్డకట్టించి కరిగిస్తే రంగు నీళ్లలోకి దిగుతుంది. ఆ ఎరుపు ఎంత చిక్కగా ఉంటే హార్మోన్ అంత ఉన్నట్టు. ఇంత చవకైన, ఇంత తేటైన ప్రయోగం మన ఇంటర్ విద్యార్థులకు ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు. ఇందోర్‌లో కె.ఎన్.గురుప్రసాద్, ఎం.ఎం.లాలోరయా ఈ జాతి మొలకల మీదే హార్మోన్లకూ వెలుగుకూ ఉన్న లంకె వెతికారు.

ఈ కథలో హైదరాబాద్ పాత్ర టమాటాతో మొదలవుతుంది. 1993లో, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన రామేశ్వర్ శర్మ మరో ముగ్గురితో కలిసి, పసుపు ఆకుల ‘ఆరియా’ టమాటా మొలకల్లో ఫైటోక్రోమ్-ఏ ఉన్నా పనిచేయడం లేదని చూపారు. వెలుగు పట్టే అణువు తయారీలోనే లోపం ఉందని తర్వాత తేలింది.

హైదరాబాద్‌లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలో ఎస్.సీతారాం రావు, బి.విద్యావర్ధిని బ్రాసినోస్టెరాయిడ్ల మీద పనిచేశారు. 1979లో 227 కిలోల ఆవజాతి పుప్పొడి నుంచి నాలుగు మిల్లీగ్రాములే దక్కిన హార్మోన్ల కుటుంబమిది. వీటిని తయారుచేసుకోలేని ‘డెట్2’ అరబిడాప్సిస్ మొలక చీకట్లోనూ వెలుగు చూసినట్టే పొట్టిగా పెరిగి, ఆంథోసయనిన్ రంగు తెచ్చుకుంటుంది. ఆ మొలకలో దెబ్బతిన్న జన్యువు చేసే పని 1996లో తేలింది. అంటే మామూలు మొలకను చీకట్లో రంగు లేకుండా ఆపడంలో ఈ హార్మోన్‌కు చేయి ఉంది. ఉస్మానియా జంట 2002లో టమాటా పండు ముక్కలకు అదే కుటుంబపు హార్మోన్లు పెట్టినప్పుడు పత్రహరితం తగ్గి, ఎర్రని లైకోపీన్ పెరిగింది, ఇథిలీన్ కూడా పెరిగింది. వర్ణకాలు వేరు, అవయవాలు వేరు. అయినా మొలకలో రంగును అదుపు చేసే హార్మోన్ పండులో దాన్ని తొందరపెట్టింది.